నీళ్లకు కుప్ప నిలవదు

ఏడేళ్ల కింద ఈ పత్రికలోనే చింతగుట్ట అంగడి గురించి నేనొక వ్యాసం రాశాను. చదివినవాళ్లకు అందులో ఒక్క ముక్కే గుర్తుండి ఉంటుంది. ఈదమ్మ అనే ఆమె గింజలు కొలిచే పొట్టి ఇత్తడి మానికతో పెసర్లు అమ్ముతుంటే, ఒక లెక్కల పంతులు అందులో నీళ్లు పోసి నలుగురి ముందు దొంగకొలత పట్టుకుంటాడు. ఆ పంతులును నేనే. అందులో రాసినవన్నీ జరిగాయి. జరిగినవాటిలో రాయనిది ఒకటి ఉంది.

అప్పట్లో నేను దేవరకొండ బడిలో పనిచేసేవాణ్ణి. కిలోలు రాబోతున్నాయి, ఈలోగా అంగళ్లలో పాత కొలతలు సరిచూడాలని పైనుంచి మనుషులు వచ్చారు. లెక్క తెలిసినవాడు ఒకడు కావాలంటే నన్ను వెంట పంపారు. సర్కారు ముద్ర ఉన్న మానిక నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లను అమ్మేవాళ్ల మానికలోకి వంచి చూడటం నేను కనిపెట్టిన పద్ధతి. ఈదమ్మ మానికలో నీళ్లు పొంగి ఆమె ఒళ్లో పడ్డాయి. జనం ఓ అని అరిచారు. మానికను లాగేసుకున్నారు. పిల్లలకు చూపించడానికి పనికొస్తుందని నేను దాన్ని అడిగి తీసుకున్నాను.

రాయనిది ఇది. అదే రోజు పొద్దున, తనిఖీ మొదలుకాకముందు, నేను ఈదమ్మ దగ్గర ఆ మానికతోనే రెండు మానికల పెసర్లు కొన్నాను. మర్నాడు నా భార్య వాటిని మా ఇంట్లో ఉన్న ముద్ర మానికతో కొలిచి డబ్బాలో పోసింది. రెండు మానికలూ నిండాక చేటలో ఇంకా రెండు పిడికిళ్లు మిగిలాయి. "ఎవలో గని, మంచి చెయ్యి" అంది. అప్పుడు నాకు అర్థమైంది. ఈదమ్మ మానిక అంచు ఎప్పుడో పగిలితే దాన్ని చుట్టూ కత్తిరించారు. అందుకే అది పొట్టిది. అంగట్లో మిగతావాళ్లు అరచేత్తో తలగొట్టి చదునుగా కొలిస్తే, ఈమె కుప్ప పోసి కొలిచేది. కుప్ప పోయడం నేను కళ్లారా చూశాను. నీళ్లకు కుప్ప నిలవదని మాత్రం తట్టలేదు. తట్టిన పది రోజుల తరువాత ఆ వ్యాసం రాశాను. నవ్వు పండుతుందని రాశాను. పండింది.

ఆ ఏడే నాకు పాలమూరు బదిలీ అయింది. మానిక కూడా నాతో వచ్చి, 'తప్పుడు కొలత' అనే చీటీతో బడి అలమారలో ఏడేళ్లు ఉంది. ఈ ఏడు పెద్ద తరగతికి స్తూపం మీద శంకువు నిలబెట్టిన లెక్క ఒకటి చెప్పవలసి వచ్చింది. మొత్తం ఎంత పడుతుందో కనుక్కోవాలి. అలమారకు వీపు పెట్టి చెప్పాను. దసరా సెలవులు ఇవ్వగానే చీటీ పీకేసి, మానికను తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కాను.

శుక్రవారం: కల్వకుర్తి

కల్వకుర్తి రాగానే బస్సు టైరు దిగిపోయింది. ఇంకో టైరు రేపు వస్తుందని చెప్పి డ్రైవరు వేపచెట్టు కింద పడుకున్నాడు. ఎవరూ కోప్పడలేదు. పాలమూరులో అయితే కనీసం ఇద్దరు అతని మీదికి లేచేవారు. ఇక్కడి ప్రయాణికులు టైరు చుట్టూ నిలబడి, రోగిని చూసినట్టు చూసి, పరామర్శించి వెళ్లిపోయారు.

బస్టాండులో ఒక ముసలాయన పల్లికాయ అమ్ముతున్నాడు. మావైపు ఇసకలో వేయిస్తారు. ఇక్కడ ఉప్పేసి ఉడకబెడతారు. వేడి నీళ్లు కారుతూ ఉంటే కాగితం పొట్లం నిలవదు. "గిన్నెనో గిలాసనో తెచ్చుకోవాలె సారు, గిది హోటల్ గాదు" అన్నాడు. నా దగ్గర మానిక తప్ప వేరే గిన్నె లేదు. తువ్వాల విప్పి ఇచ్చాను.

ఆయన దాంట్లో పల్లికాయ పోయలేదు. ఎండకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"గీ మానిక ఎవలిది?"

"తెలిసినోళ్లది."

"ఆడామెది. ఎడమచెయ్యి గోడవెట్టి కొలిసేటామె."

"ఎట్ల తెలుసు?"

"గీడ సూడు. అంచు కింద గీ ఒక్క పక్కనే నున్నగ అరిగింది. చెయ్యి ఆనిచ్చిన జాగ." ఎడమ అరచేయి, బొటనవేలు మానిక అంచు చుట్టూ వంచి చూపించాడు. వేళ్లు ఇత్తడి మీదికి రెండు అంగుళాలు లేచి గోడ కట్టినట్టున్నాయి. "గిట్ల వెట్టి పోస్తె కుప్ప జారదు. ఇత్తడి మానిక సగమే సారు. కడమ సగం చెయ్యే."

"అంచు కోసేసిన్రు గదా. తక్కువ కొలత కాదా?"

ఆయన నన్ను కాళ్ల నుంచి తల దాకా చూశాడు. "నువ్వేం పని జేస్తవ్ సారు?"

"లెక్కలు చెప్త."

"అట్లనా" అన్నాడు. చేతి గోడ పెట్టి, కుప్పగా పోసి ఇచ్చాడు. పావలా. మానికను ఏడేళ్లు రోజూ చూసినవాణ్ణి నేను. అరిగిన జాగా మొదటిసారి సరిగ్గా చూసింది ఆ సాయంత్రం, పల్లికాయ అయిపోయిన తరువాత.

శనివారం: దేవరకొండ

డిండి వాగు దాటాక నేల ఎర్రగా మారుతుంది, మాట కొంచెం మెత్తబడుతుంది. దేవరకొండ గుట్ట మీద కోట నేనున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. బాగుచేసినవాళ్లు లేరు, కూలగొట్టినవాళ్లూ లేరు.

రోడ్డు పక్కన ఆడవాళ్లు సీతాఫలాలు మూడు కుప్పలుగా పోసుకుని కూర్చున్నారు. మావైపు కొనేవాడు పండు నొక్కి చూసుకుంటాడు. ఇక్కడ ముట్టనివ్వరు. "ఎప్పుడు తింటవ్?" అని అడుగుతారు. ఇవాళ తినేవాడికి ఒక కుప్ప, రేపటికి ఒకటి, ఎల్లుండికి ఒకటి. వైద్యుడు మందిచ్చినట్టు ఇస్తారు. రేపటికి కావాలన్నాను. ముప్పావలాకు ఇరవై పండ్లు ఇచ్చింది. "సంచిల వెయ్యకు, బుట్టల వట్టుకపో" అని కూడా చెప్పింది. బుట్టకు ఇంకో పావలా ఎందుకని సంచిలోనే, మార్చుకోవడానికి తెచ్చుకున్న చొక్కా మీద వేసుకున్నాను. ఆ చొక్కా జేబులో నేను పాలమూరులోనే కూర్చుని రాసుకున్న క్షమాపణ కాగితం ఉంది. నాలుగు పేరాలు. రెండుసార్లు దిద్దాను.

పాత చాయ్ హోటల్ ఇంకా ఉంది. యజమాని మారాడు. కొత్తాయన నన్ను ఎరగడు. చింతగుట్ట అంగట్లో పెసర్లు అమ్మే ఈదమ్మ ఇంకా వస్తున్నదా అని అడిగాను.

"ఏ ఈదమ్మ? తక్కువ మానిక ఈదమ్మనా?"

నేను చాయ్ గిలాస కింద పెట్టాను. ఆ పేరు ఎట్లా వచ్చిందని అడిగాను.

"అయ్యో, గది తెల్వదా? గీ ఊళ్లె ఓ పంతులుండెనట. ఆమె దొంగ మానిక వట్టుకుని పేపర్ల రాసిండు. గీ హోటల్లనే సదివిన్రు. నవ్వి నవ్వి మా బావ ఒంటి మీద చాయ్ పోసుకుండు, కాలింది గూడ. ఇగ అప్పటి సంది గా ఇంటోళ్లందరు తక్కువ మానికోళ్లే. ఆమె కోడలు బాయికాడికి పోయినా 'తక్కువ మానికోళ్ల కోడలొచ్చింది, బిందె జర నిండ చేదుకోనియ్యిన్రి' అంటరు. గా పిల్ల గూడ నోరుగల్లదే. రెండుసార్లు కొట్లాటయింది."

"ఆ పంతులు ఏమయిండు?"

"ఎటో పోయిండు. గని మస్తు రాసిండు."

నా రచనను ఒకరు అంతగా మెచ్చుకోవడం అదే మొదలు. మా ఇంటిపేరు ఎలా వచ్చిందో మా తాతకు కూడా తెలియదు. ఈదమ్మ ఇంటిపేరు ఏ వారం సంచికలో వచ్చిందో నాకు తెలుసు. ఆ పంతులును నేనే అని చెప్పడానికి సందు దొరకలేదని ఇక్కడ రాద్దామనుకున్నాను. దొరికింది. చెప్పలేదు. పదిహేను పైసలు ఇచ్చి బయటికి వచ్చాను.

సాయంత్రానికే సంచి కింద తడి కనిపించింది. రేపు పండవలసిన పండ్లు దాదాపు అన్నీ ఇవాళే పండి, చితికి, చొక్కాలోకి దిగాయి. క్షమాపణ నాలుగు పేరాలూ గింజలతో సహా గుజ్జయ్యాయి. 'విచారిస్తున్నాను' అన్న ఒక్క మాట చదవడానికి వీలుగా ఉంది. మిగిలిన మూడు పండ్లు తిన్నాను. చాలా బాగున్నాయి.

ఆదివారం: అంగడి

దేవరకొండ నుంచి చింతగుట్ట రెండు కోసుల దూరం. ఒక మిరపకాయల బండి మీద వెళ్లాను. కిరాయి వద్దన్నాడు, తుమ్ములు మాత్రం దారి పొడవునా వచ్చాయి.

అంగడి మొదట్లో తైబజారు వసూలు చేసేవాడు ఆపాడు. సరుకు దించి అమ్ముకునేవాళ్లు జాగాకు ఇచ్చుకునే రుసుము అది. నేను అమ్మడానికి రాలేదన్నాను. సంచిలోంచి మానిక అంచు చూపించి, "మానిక వట్టుకొచ్చినోడు అమ్మెటోడే, ఇరవై పైసలు తియ్యి" అన్నాడు. లెక్క ప్రకారం అతని మాటే సరి. ఇచ్చాను.

చింతగుట్ట అంగట్లో మొదట మిరపకాయ, తరువాత ఉల్లిగడ్డ, పప్పుదినుసుల వరుస, ఆవల కుండలు, గొంగళ్లు, అన్నిటికీ చివర గొర్ల అంగడి. పాలమూరు అంగట్లో అమ్మేవాళ్లు అరుస్తారు. ఇక్కడ ధర ఒక్కసారి చెప్పి మొహం పక్కకు తిప్పుకుంటారు. బేరమాడాలంటే ముందు వాళ్ల మొహం మనవైపు తిప్పుకోవాలి. పొయ్యి మీద జొన్నరొట్టె కాల్చి అమ్మే ఆమె దగ్గర రెండు రొట్టెలు, ఎండుమిర్చి తొక్కు తీసుకున్నాను. పావలా. ఆకు మనమే తెచ్చుకోవాలట. మోదుగాకు అమ్మేవాడు పక్కనే ఉన్నాడు. అతను ఆమె మొగుడు. ఆకు ఐదు పైసలు.

రొట్టెలు నెమ్మదిగా తిన్నాను. ఎంత నెమ్మదిగా తిన్నా అయిపోయాయి.

ఈదమ్మ పాత చోటే ఉంది. జుట్టు తెల్లబడింది. ముందు గోనెపట్టా మీద పెసర్లు, ఉలవలు, పక్కన త్రాసు, ముద్రపడిన కిలో రాళ్లు. ఎవరికో అరకిలో జోకుతోంది. త్రాసు పళ్లెంలో పెసర్లు పోస్తూ ఉంటే ఆమె ఎడమచెయ్యి పళ్లెం అంచు చుట్టూ వంగి గోడ కట్టి నిలబడింది. త్రాసుకు ఆ చెయ్యితో పనిలేదు. తగిలితే తూకం తప్పుతుంది కూడా. అందుకే పళ్లేనికి వేలెడు ఎడంగా, గాలిలో పెట్టింది.

గిరాకీ వెళ్లాక తల ఎత్తింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"నీళ్ల పంతులువు గదా?"

ఆ ఊళ్లో నాకూ ఒక పేరు ఉందని అంతవరకు తెలియదు.

పక్కన ఉల్లిగడ్డలు అమ్మే లచ్చమ్మ గంపల మీదుగా మెడ చాచింది. "ఎవలే ఈదమ్మక్క? నీళ్ల పంతులా? గీయననా? నేనింక ఏనుగసుంటోడు అనుకున్న."

నేను తువ్వాల విప్పి మానికను గోనెపట్టా మీద పెట్టాను. ఈదమ్మ ముట్టుకోలేదు. వంగి లోపలికి చూసింది.

"లోపల తెల్లగున్నది. ఏం బోసిన్రు?"

"సుద్దముక్కలు. బడిలో."

"సుద్దముక్కలు" అంది ఈదమ్మ. "మా అత్త మానికల."

నేను దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పాను. "అమ్మా, ఆనాడు తప్పు నాది. నువ్వు తక్కువ కొలువలే. నాకు తెల్లారే ఎరుకైంది."

"తెల్లారే ఎరుకైందా?"

"అయింది."

"ఎరుకైనంకనే పేపర్ల రాసినవా?"

"రాసిన."

"వారినీ!" అంది లచ్చమ్మ.

ఈదమ్మ కిలో రాళ్లు వరసగా సర్దింది. తరువాత అంది. "మానిక పోయినంక రెండేండ్లు అంగడి మొహం సూడలే. పండినయన్ని ఇంటికాడనే సేటుకు వోసిన. ఆయన ఎంతంటె గంత. మల్ల వచ్చినంక గూడ నా దగ్గర కొన్నోళ్లు లచ్చమ్మ దగ్గరికి పోయి మల్ల జోకిచ్చుకునేటోళ్లు. ఇగ ఇప్పుడొచ్చి గుసగుసలు వెడ్తవేంది? నేను తక్కువ కొలువలేదని నాకు తెల్వదా? తెల్వనోళ్లకు చెప్పు. ఆనాడు నా చెవుల జెప్పినవా? గీడనే, అందరు సూడంగ నీళ్లు వోసి జెప్పినవ్."

ఆమె చెప్పిన దాంట్లో సరిదిద్దడానికి ఏమీ లేదు.

చాటింపు

చింతగుట్ట అంగట్లో ఏది చెప్పాలన్నా డప్పు కొట్టించి చెప్పాలి. సర్కారు మాటలకూ, తప్పిపోయిన ఎద్దులకూ ఒక్కడే డప్పాయన. అర్ధరూపాయి, ఒక బీడీకట్ట. డప్పును మంటకు కాస్తూ అడిగాడు.

"ఏం వోయింది సారు? ఎద్దా, బర్రెనా?"

"ఏం పోలేదు."

"ఏం పోకుంటె ఏమని చాటాలె?"

"పంతులు సిగ్గు వోయింది" అంది లచ్చమ్మ. "దొరికింది, వచ్చి సూసుకోమను. కొట్టు."

కొట్టాడు. నేను తనిఖీ రోజున చూసినంత జనం వచ్చారు. మొహాలు కొన్ని గుర్తుపట్టాను. వాళ్లూ నన్ను గుర్తుపట్టి, ఆనాటి నీళ్ల బిందె కోసం నా చేతుల వైపు చూశారు.

నేను మాట్లాడటానికి నోరు తెరవగానే ఈదమ్మ ఆపింది. "మాటలు పిదప. ముందుగాల కొలిసి సూపెట్టు."

ముద్ర మానిక ఎవరి దగ్గర ఉందని అడిగితే లచ్చమ్మ దగ్గరే ఉంది. అందులో వక్కలు, పొగాకు దాచుకుంటోంది. గొణుక్కుంటూ చెంగులో వంపుకుని, ఊది ఇచ్చింది. నేను కింద కూర్చుని ఈదమ్మ మానికలో పెసర్లు పోశాను. అంచు దాటగానే నాలుగు పక్కలా జారిపోయాయి.

"ఎడమచెయ్యి వెట్టు" అంది ఈదమ్మ.

పెట్టాను. మళ్లీ జారాయి.

"ఏళ్లు దగ్గరికి వెట్టు. ఏళ్లా అవి, జల్లెడనా?" ఆమె నా వేళ్లను ఒక్కొక్కటిగా పట్టుకుని దగ్గరికి నొక్కింది. బొటనవేలిని ఇత్తడి అరిగిన జాగాలో ఆనించింది. "సుద్దముక్క వట్టే ఏళ్లు. బలం లేదు."

"పాపం, పెండ్లాం అన్నం గలిపి పెడ్తదేమో" అన్నారెవరో.

మూడోసారికి కుప్ప నిలిచింది. దాన్ని లచ్చమ్మ మానికలోకి వంచి అరచేత్తో తలగొట్టాను. ముద్ర మానిక అంచు దాకా నిండింది. ఈదమ్మ మానికలో పిడికెడు పెసర్లు మిగిలాయి. ఎత్తి అందరికీ చూపించాను. ముందు వరుసలోని వాళ్లు వెనక వాళ్లకు చెప్పారు.

ఒక గొంగడి ముసలాయన నమ్మలేదు. "ఆనాడు నీళ్లు పొర్లినయ్ గద? నేను సూసిన" అన్నాడు. కుండల వాళ్ల దగ్గర నీళ్లు తెచ్చి అదీ చేశాను. ముద్ర మానిక నింపి ఈదమ్మ మానికలోకి వంచాను. ఆనాటిలాగే పొర్లి నేల తడిసింది. ముసలాయన తడి నేలను చూశాడు, పెసర్లను చూశాడు, నన్ను చూశాడు.

"నీళ్లకు కుప్ప యాడ నిలుస్తదిరా?" అన్నాడు. "గింతది తెల్వకుండనే పంతులు గిరి ఎట్ల జేసినవ్?"

అందరూ నవ్వారు. ఈదమ్మ నవ్వలేదు. మానికలో నీళ్లు పారబోసి, కొంగుతో లోపల తుడిచింది. చాలాసేపు తుడిచింది. తెల్లదనం పోయాక ఒళ్లో పెట్టుకుంది.

"ఇగ చెప్పు" అంది.

కాగితం లేదు. గుర్తున్న నాలుగు పేరాల్లో ఏదీ అక్కడ పనికొచ్చేలా లేదు. లేచి నిలబడి చెప్పాను.

"నేను ఏడేండ్ల కింద గీడ నీళ్లు పోసి చూసిన. పెసర్లు పోసి చూడాలె. ఈదమ్మ ఎన్నడు తక్కువ కొలువలేదు. అది నాకు తెల్లారే ఎరుకైంది. ఎరుకైనంక గూడ మీరు నవ్వుతరని పేపర్ల తప్పు రాసిన. గా ఇంటి మీద వడ్డ పేరు నేను వెట్టిందే. నేనే తీసేస్తున్న. అమ్మా, తప్పైంది."

ఈదమ్మ డప్పాయన వైపు చూసింది. అతను ఇంకోసారి కొట్టాడు.

"గొర్లంగడి దాక ఇనవడలే" అంది.

గొర్ల అంగడి వైపు తిరిగి మళ్లీ చెప్పాను.